బోల్తా పడిన బండిని లేపేదెవరు?

అపొస్తలుడైన పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు (అపొ.కా. 18:11). ఆ పట్టణానికి దగ్గర్లోనే రెండేళ్లకోసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి. అందుకే ఆయన తన పత్రికలో పరుగుపందెం గురించి రాస్తే కొరింథు విశ్వాసులకు వేరే వివరణ అవసరం లేకపోయింది. కాలం మారింది, పందేలూ మారాయి. అయినా ఆటస్థలంలో విశ్వాసికి పాఠాలు దొరుకుతూనే ఉన్నాయి. పిల్లలాటలా కనిపించే రేడియో కంట్రోల్ కార్ల పందెంలోనూ ఈనాటి సంఘాలు తప్పక నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది.

జపాన్, అమెరికా, ఇంగ్లండ్ వంటి దేశాల్లో ఈ పందేలు పిల్లలకే పరిమితం కాదు. జపాన్‌కు చెందిన టామియా కంపెనీ తన మొదటి రేడియో కంట్రోల్ కారును 1976లో తెచ్చింది. ఇవాళ ఆ దేశాల్లో వీటికి ఎన్నో క్లబ్బులున్నాయి. అసలు కారులో పదో వంతు ఉండే ఈ బండ్లు బ్యాటరీతోనే గంటకు 50 కిలోమీటర్లు దాటి దూసుకెళ్లగలవు. పందెం రోజున కారుకు చిన్న ట్రాన్స్‌పాండర్ బిగిస్తారు. కారు గీత దాటిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ చుట్టును లెక్కవేస్తుంది. సాధారణంగా ఐదేసి నిమిషాల హీట్లు కొన్ని జరుగుతాయి. వాటి ఫలితాలను బట్టి ఫైనల్‌లో ఎవరి స్థానమేమిటో తేలుతుంది.

డ్రైవర్లంతా ట్రాక్ పక్కన ఎత్తయిన వేదిక మీద నిలబడి చేతిలో రిమోట్‌తో బండి నడుపుతారు. మలుపులో అదుపు తప్పి ఒక బండి బోల్తా పడిందనుకోండి. సిగ్నల్ అందుతోంది, మోటారు బాగుంది, చక్రాలూ తిరుగుతున్నాయి. కానీ గాలిలో తిరుగుతున్నాయి! డ్రైవర్ ఎంత నిపుణుడైనా చాలాసార్లు వేదిక మీద నుంచి దాన్ని నిలబెట్టలేడు. ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి చేత్తో లేపాలి. అలా లేపేవారిని మార్షల్స్ అంటారు.

ఎవరీ మార్షల్స్? ఆ మధ్య ఇంగ్లండ్‌లోని మా బంధువుల ఇంటికి వెళ్లినపుడు, వాళ్లబ్బాయి పాల్గొనే పందేనికి ఒక శనివారం నన్నూ తీసుకెళ్లారు. పదమూడేళ్ల ఆ కుర్రాడు తన హీట్ ముగియగానే కారును బల్ల మీద పెట్టి, నారింజ రంగు జాకెట్ తగిలించుకుని మళ్లీ ట్రాక్ వైపు పరుగెత్తాడు. ‘వాడికి ఇంకో పందెముందా?’ అని అడిగాను. ‘లేదన్నయ్యా, ఒక పందెం ఆడినవాళ్లే తర్వాతి పందేనికి మార్షల్స్‌గా నిలబడాలి, అదే రూలు’ అన్నాడు వాళ్ల నాన్న. కాసేపటికి, పట్టికలో తనకన్నా ముందున్న పోటీదారుడి బండి తలకిందులైతే మావాడే పరుగెత్తి దాన్ని నిలబెట్టాడు!

ఆ రూలుకు శిక్ష కూడా ఉంది. మార్షల్‌గా నిలబడకుండా తప్పించుకున్నవాడు సాధించిన మంచి ఫలితాన్ని చాలా క్లబ్బులు కొట్టేస్తాయి. ఎంత వేగంగా నడిపినా అది లెక్కలోకి రాదు. ఇతరులకు ప్రకటించిన తర్వాత తానే అనర్హుడినవుతానేమోనన్న పౌలు భయం (1 కొరింథీ 9:27) ఎంత వాస్తవమైనదో అక్కడ అర్థమవుతుంది.

తప్పిదంలో చిక్కుకున్నవాణ్ని సాత్వికంతో తిరిగి నిలబెట్టమని అదే పౌలు గలతీయులకు రాశాడు (గలతీ 6:1). అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియ ‘కటార్టిజో’. జెబెదయి కుమారులు చిరిగిన వలలను బాగుచేసుకోవడానికీ సువార్తలో ఇదే మాట వాడారు (మార్కు 1:19). చిరిగిన వలను జాలరి పారేయడు, చిరుగును నలుగురికీ చూపిస్తూ తిరగడు, కూర్చుని ఓపిగ్గా అల్లుతాడు. ఆ వచనంలోనే పౌలు మరో హెచ్చరిక చేశాడు: లేపడానికి వెళ్లేవాడు తానూ శోధనలో పడకుండా చూసుకోవాలి. మార్షల్ కూడా అంతే, దూసుకొచ్చే బండ్లను చూసుకునే ట్రాక్ మీద అడుగుపెడతాడు.

మరి మన సంఘాల్లో జరుగుతున్నదేమిటి? ఒక యువకుడు తాగుడుకు లోనయ్యాడని తెలిస్తే ఆ వార్త ఆదివారం ఆరాధన ముగిసేలోగా అందరికీ చేరిపోతుంది, అతని ఇంటికి మాత్రం ఒక్కరూ చేరరు. అప్పులపాలైన కుటుంబం, కాపురం చెడిన ఆడబిడ్డ మెల్లగా చివరి వరుసలోకి, అక్కడి నుంచి గుమ్మం బయటికి జారిపోతారు. ‘వారికోసం ప్రార్థిస్తున్నాం’ అంటూ మనం వేదిక మీదే నిలబడిపోతాం. ఇక పక్క సంఘం సేవకుడు పడిపోతేనో? కొందరికి లోలోపల సంతోషం కూడా! పోటీదారుడి బండిని పరుగెత్తి లేపిన ఆ కుర్రాడి పాటి ఆత్మీయత మనలో లేకపోవడం విషాదం.

‘అలాగైతే సంఘ క్రమశిక్షణ ఏమైపోతుంది?’ అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మార్షల్ పడిన బండిని లేపి నిలబెడతాడే తప్ప ముందుకు తీసుకెళ్లి పెట్టడు. పోయిన సమయాన్ని తిరిగి ఇవ్వడు. విరిగిపోయి ఇక నడవలేని బండిని పక్కకు తీసి భద్రంగా ఉంచుతాడు. తప్పుకు పర్యవసానాలు ఉంటాయి, పశ్చాత్తాపమూ ఉండాల్సిందే. క్రమశిక్షణ గమ్యం మాత్రం పడినవాడు తిరిగి పరుగందుకోవడమే. అతన్ని తలకిందులుగా వదిలేసి దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టడం క్రూరత్వం.

మార్కు అనబడిన యోహాను పంఫూలియాలో సేవ విడిచి ఇంటికి వెళ్లిపోయాడు (అపొ.కా. 13:13). మళ్లీ వెంట తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. ఆ విషయంలో పౌలు, బర్నబాల మధ్య తీవ్రమైన వాదం వచ్చి వాళ్లు విడిపోయారు. బర్నబా మాత్రం మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు (అపొ.కా. 15:39). సొంత పరిచర్య నష్టపోయినా పడినవాణ్ని లేపిన గొప్ప మార్షల్ బర్నబా! ఏళ్లు గడిచాయి. తన పరుగు కడముట్టించానని ప్రకటించిన అధ్యాయంలోనే పౌలు, పరిచర్యకు ప్రయోజనకరమైన మార్కును వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:7, 11). ఆ మార్కు పేరుతోనే ఇవాళ మన చేతుల్లో ఒక సువార్త ఉంది. బర్నబా చెయ్యి అందించకపోతే?

సంఘంలో ఎన్నో ఏళ్లు సేవచేసి ‘నా వంతు అయిపోయింది’ అనుకుంటున్న పెద్దలు, పిల్లలు స్థిరపడిన తల్లిదండ్రులు, పదవీ విరమణ చేసిన సేవకులు ఎందరో ఉన్నారు. మీ హీట్ ముగిసిందంటే కుర్చీలో కూర్చుని చూసే సమయం వచ్చిందని కాదు, ట్రాక్ మీదికి దిగే సమయం వచ్చిందని అర్థం. ఈ ఆదివారం మీ ఆలయంలో ఖాళీగా ఉన్న చోటు ఎవరిదో గుర్తు చేసుకోండి. సాయంత్రం ఆ ఇంటి తలుపు తట్టండి.