విశ్వకిరణముల పుట్టినిల్లు

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు విక్టర్ హెస్, పరికరములతో బెలూను నెక్కి సుమారు 5,300 మీటర్ల యెత్తున కెగసి, నేల దూరమగుకొలది తఱుగవలసిన వికిరణము తఱుగుటకు మారుగా పెరుగుచుండుట చూచి, ఇది భూగర్భమున పుట్టినది కాదు, ఆకాశమునుండి దిగుచున్నదని నిశ్చయించెను. 1936లో ఆయనకు నోబెల్ బహుమతియు వచ్చెను. దిగుచున్నదనుట తేలినది గాని, ఏ యింటినుండి బయలుదేరినదను ప్రశ్న మాత్రము నేటికిని పూర్తిగా తెగలేదు.

తెగకపోవుటకు కారణము ఆ విశ్వకిరణముల స్వభావమే. పేరునకు కిరణములే గాని, వానిలో అధికభాగము విద్యుదావేశముగల ప్రోటాన్లు. పాలపుంతయందలి అయస్కాంత క్షేత్రములలో చిక్కి, లక్షల యేండ్లు దారితప్పి తిరిగి మనకడకు చేరునప్పటికి, అవి వచ్చు దిక్కునకును పుట్టిన దిక్కునకును పొత్తుండదు. బైరాగి ఏ వైపునుండి వచ్చి గుమ్మమున నిలిచెనో చూచి వాని స్వగ్రామము చెప్పగలవారెవరు?

అందుచే శాస్త్రజ్ఞులు, ఆ కణములు పుట్టినచోటనే పుట్టి, ఆవేశము లేనిదై తిన్నగా వచ్చు గామా కిరణమును పట్టుకొనిరి. మహానక్షత్రముల మరణవిస్ఫోటనములే, అనగా సూపర్నోవాలే, ఈ కణములకు జన్మస్థానములని బాడే, జ్వికీ అను ఖగోళజ్ఞులు 1934లోనే సూచించియుండిరి; 2013లో ఫెర్మి ఉపగ్రహదర్శిని, ఐసీ 443, డబ్ల్యూ 44 అను రెండు విస్ఫోటనశేషముల కాంతిలో, ప్రోటాన్లు చుట్టునున్న వాయువును తాకగా పుట్టిన పయాన్ల ముద్రను గుర్తించినది. నా మట్టుకు అది సగము తీర్పే. ఏలయన మన పాలపుంత కణములు సుమారు మూడువేల లక్షలకోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తివఱకు ఎదుగుచుండగా, ఆ రెండు శేషములును అంతటి శక్తికి దరిదాపులకైన పోయిన జాడ చూపలేదు.

2021లో చైనాలోని సిచువాన్ పర్వతములపై 4,410 మీటర్ల యెత్తున నున్న లాసో క్షేత్రము, నూఱు లక్షలకోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన గామా కాంతిని వెదజల్లు 12 తావులను ప్రకటించినది. హంసమండలము దిక్కునుండి వచ్చిన ఒక్క ఫోటాను శక్తియే 1,400 లక్షలకోట్లు. అద్భుతమే! కాని ఆ తావులన్నిటికి పెవట్రాన్లు, అనగా కణములను ఆ మహాశక్తికి ఎదిగించు తావులు, అను బిరుదు తగిలించి, ప్రోటాన్ల పుట్టినిండ్లు దొరకెనని చాటుటకు నే నొప్పుకొనను. ఆ పండ్రెండింటిలోనిదే యైన క్రాబ్ నీహారికయందు అంతటి కాంతిని ఎలక్ట్రాన్లే పుట్టించుచున్నవని చెప్పుటకు వీలున్నది. ఇంట దీపము వెలుగుచున్నంత మాత్రమున లోపల నున్నవారెవరో తెలియునా?

ఈ విషయమున మన దేశము చేయదగినది కలదు. ఊటీలో టాటా పరిశోధన సంస్థవారి గ్రేప్స్-3 క్షేత్రము, అచ్చటనే తయారైన ప్లాస్టిక్ సింటిలేటర్లతోను, 560 చదరపు మీటర్ల మ్యూయాన్ దర్శినితోను, ఆకాశమునుండి వచ్చిన కణము గాలిని తాకగా దిగు కణముల జల్లు గామాదా, ప్రోటానుదా యని, ప్రోటాను జల్లులో మెండుగా నుండు మ్యూయాన్లను లెక్కించి తరచి చూడగలదు. లదాఖ్‌లోని హాన్లేయందు 21 మీటర్ల దర్పణముగల మేస్ అను గామా దర్శినిని భాభా అణుపరిశోధన కేంద్రము (బార్క్) కొఱకు నిర్మించినది మన హైదరాబాదు ఈసీఐఎల్. మనయూరివారి చేతిపని యని సంతోషించుచునే ఒక మాట చెప్పవలసియున్నది: మేస్ చూచునది చీకటి రాత్రులందే, అదియు ఆకాశమున చిన్నముక్కను; జల్లులను పట్టు క్షేత్రమో, రేయింబవళ్లు తలపై నున్న విశాలాకాశమును కాచియుండును. కావున ఊటీ విద్యను హాన్లే యెత్తునకు కొనిపోవలయునని నా యభిప్రాయము. ఊటీ యెత్తు 2,200 మీటర్లు. అంత దిగువకు చేరునప్పటికి చిన్న జల్లులు చాలవఱకు ఆరిపోవును, హాన్లేలో 4,300 మీటర్ల కడ ఇంకను తడిగానే యుండును.