గీత దూరం, దారి దూరం

ఆస్ట్రేలియాలో మౌంట్ ఐసా గనుల ఊరు. కాల్గూర్లీ బంగారు గనుల ఊరు. దూరాలు లెక్కేసే వెబ్‌సైట్లు ఈ రెండింటి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, హావర్‌సైన్ ఫార్ములాలో వేసి, సుమారు 2,100 కిలోమీటర్లు అంటాయి. గంటకు 800 చొప్పున భాగిస్తే విమానంలో 2 గంటల 40 నిమిషాలు. లెక్క కరెక్టే. కానీ ఆ విమానం ఏది?

రెండు ఊళ్ల మధ్య నేరుగా రెగ్యులర్ సర్వీసు లేదు. బ్రిస్బేన్ వెళ్లి, అక్కణ్నుంచి పెర్త్, మళ్లీ కాల్గూర్లీ. మూడు విమానాలు, దాదాపు 5,700 కిలోమీటర్లు. ఎదురుచూపులు కలిపితే రోజంతా పోతుంది.

మన డేటా స్ట్రక్చర్స్ క్లాసు భాషలో, ఎడ్జ్ లేని రెండు నోడ్‌ల మధ్య గీత గీసి సమయం చెప్పడం ఇది. గనిలో పనిచేసేవాళ్లకి ఇంటి నుంచి "అమ్మకి బాలేదు" అని ఫోన్ వస్తే కావాల్సింది దారి, గీత కాదు. మౌంట్ ఐసాకి దగ్గర్లోని క్లోన్‌కరీలో 1928లో ఫ్లయింగ్ డాక్టర్ సేవ మొదలైంది. డాక్టర్ ఎన్ని మైళ్ల దూరంలో ఉన్నాడని కాదు, రాగలడా లేదా అన్నదే అక్కడి ప్రశ్న.

రేపు ఇలాంటి యాప్‌లు రాసేది మనమే. నేనడిగేది ఒక్కటే: విమానం లేనిచోట నిమిషాలు చూపించొద్దు. "నేరుగా విమానం లేదు" అని చూపిద్దాం. దానికి ఒక్క ఇఫ్ కండిషన్ చాలు.