ప్లేటు వేసినంత మాత్రాన

మాడుగుల అనగానే అందరికీ హల్వా గుర్తొస్తుంది. మా మేనల్లుడికి మాత్రం కబడ్డీయే. మా చిన్నప్పుడు చెడుగుడు అనేవాళ్ళం లెండి. వాడికి ఇరవై రెండేళ్ళు. సంక్రాంతి పందేల్లో కూతకు వెళ్ళినవాణ్ణి నలుగురు పట్టి పడేస్తే, ఎడమ భుజం నేలకు కొట్టుకుంది. లేచేసరికి మెడ పక్కన ఎముక చర్మాన్ని ఎత్తిపెట్టి గుబ్బలా కనిపించింది.

విరిగింది కాలర్‌బోను. పుస్తకాల్లో జత్రుక అంటారు. చేతిని మొండేనికి కలిపే ఎముక ఇదే. భుజం మీద పడితే ఆ దెబ్బంతా దీనిమీదికే వస్తుంది. అందుకే సైకిలు పందేలవాళ్ళకూ, కబడ్డీ ఆడేవాళ్ళకూ ఇది తరచు విరుగుతుంది.

"కోత ఎందుకురా? కట్టు కడితే అదే అతుక్కుంటుంది" అంది మా అక్క. ఆమె మాటలో నిజం లేకపోలేదు. విరిగిన ముక్కలు ఎదురెదురుగా ఉంటే, చేతిని గుడ్డపట్టీతో మెడకు వేలాడగట్టి కొన్ని వారాలు ఓర్చుకుంటే చాలు. చిన్నపిల్లలకు మరీ సులువు. కాని మావాడి ఎక్స్‌రేలో ముక్కలు తప్పుకుని, ఒకదానిమీద ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కి ఉన్నాయి.

విశాఖపట్నంలో డాక్టరుగారు ఒక లెక్క చెప్పారు. ఇలా ముక్కలు తప్పుకున్నవాళ్ళను కెనడా వైద్యులు రెండు జట్లు చేసి చూసి, ఫలితాలు 2007లో ప్రకటించారట. ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికీ, పట్టీ కట్టిన 49 మందిలో ఏడుగురికీ ఎముక అతకలేదు. "అయితే కోతకు దాని బాధలు దానికున్నాయమ్మా. చీము పట్టవచ్చు, మచ్చ కింద తిమ్మిరి ఉండిపోవచ్చు, ప్లేటు గుచ్చుకుంటే మళ్ళీ తీయవలసి రావచ్చు" అని కూడా దాచకుండా చెప్పారు. అక్క కాసేపు ఆలోచించి సరేనంది.

ఆపరేషనైన మూడు వారాలకే నొప్పి తగ్గింది. "మావయ్యా, లోపల ప్లేటుందిగా! శివరాత్రి పందేలకు దిగుతాను" అన్నాడు.

అప్పుడు వాడికి హోర్హే లోరెంజో సంగతి చెప్పాను. 2013 జూన్‌లో ఈ స్పెయిన్ మోటారుసైకిలు వీరుడు నెదర్లాండ్స్‌లో గురువారం పడి కాలర్‌బోను విరగ్గొట్టుకున్నాడు. బార్సిలోనా వెళ్ళి ప్లేటు వేయించుకుని, శనివారం పందెంలో అయిదోవాడిగా వచ్చాడు. అందరూ ఆహా అన్నారు. రెండు వారాలకు జర్మనీలో మళ్ళీ పడితే ప్లేటే వంగిపోయింది. మళ్ళీ ఆపరేషను!

ప్లేటు ఎముకను కదలకుండా పట్టుకుంటుందే గాని అతికించదు. అతుక్కోవలసింది ఎముకే. ఒకరిమీద ఒకరు పడే ఆటలకు సాధారణంగా మూడు నెలలైనా ఆగాలి.

శివరాత్రినాడు మావాడు గట్టుమీద కూర్చుని తన జట్టుకోసం గొంతు పోయేలా అరిచాడు. మీ ఇంట్లోనూ ఆటగాడుంటే, పందెం తేదీ చూసి కాదు, ఎక్స్‌రే చూసి బరిలోకి పంపండి.