పసిపిల్లల పరిచర్యకు బాప్తిస్మాల లెక్క అడగవచ్చునా?



మలావీ దేశంలో పల్లెటూరి బాలబడి టీచర్లకు శిక్షణ ఇస్తున్న మన సహోదరికి సంఘం నెలనెలా పంపే కానుక ఇక ఆపేద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. "ఎన్ని బాప్తిస్మాలు జరిగాయి? ఎన్ని సంఘాలు కట్టింది? పిల్లల చేత పాటలు పాడించడానికి ఆఫ్రికా వెళ్లాలా?" అని అడుగుతున్నారు. వారి మీద మాకు గౌరవం ఉంది. కానీ ఈ మాట వాక్యానికి సరిపడదని మేము గట్టిగా చెప్పదలిచాము.

ముందు ఆ పని ఏమిటో తెలుసుకుందాం. మలావీలో మన అంగన్‌వాడీల వంటి కేంద్రాలను చాలావరకు ఊరివాళ్లే నడుపుకుంటారు. ఎయిడ్స్ వలన తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు ఊరూరా ఎక్కువైన కాలంలో ఇవి బాగా పెరిగాయి. కొన్ని చెట్టు కింద, కొన్ని చర్చి గదిలో నడుస్తాయి. మన అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది చాలదని మనం బాధపడతాం. అక్కడ నేర్పే స్త్రీలలో చాలామందికి జీతమే లేదు. పొద్దున్నే పొలంలో మొక్కజొన్నకు పారపని చేసుకొని వచ్చి, పిల్లలకు జావ కాచి పోసి, పాఠం చెబుతారు. కోతలకు ముందు వచ్చే ఆకలి నెలల్లో ఆ జావే కొందరు పిల్లలకు పొద్దుటి భోజనం.

ఆ దేశం 1994లో ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. పిల్లలు వెల్లువలా వచ్చారు. నేటికీ ఒకటో తరగతి గదిలో వందకు పైగా పిల్లలు కూర్చోవడం అక్కడ మామూలే. అంత గుంపులో వెనుక వరుసలో ఉన్న పిల్లవాడిని ఎవరు చూస్తారు? బడికి వెళ్లకముందే ఎవరో ఒకరు వాడిని పేరు పెట్టి పిలిచి, మాట్లాడించి, లెక్క అంటే భయం పోగొట్టి ఉండాలి. ఆ ఎవరో ఒకరిని తయారు చేయడమే మన సహోదరి పని.

శిక్షణ అంటే ఏ బీ సీ డీలు వల్లె వేయించడం కాదు. గులకరాళ్లతో, సీసా మూతలతో, మొక్కజొన్న కంకి బెండులతో లెక్క నేర్పడం. అవ్వలు చెప్పే చిచేవా కథలనే పాఠంగా మలచడం. బెత్తం లేకుండా పిల్లల గుంపును కుదురుగా ఉంచడం. పిలిస్తే పలకని పిల్లవాడు మొండివాడో, చెవి వినబడనివాడో కనిపెట్టడం. తినేముందు చేతులు కడిగించడం. ఇవి చిన్న పనులా? మన సహోదరి ఒక్కతే నేర్పితే ముప్పై మందికి నేర్పగలదు. ఇరవై మంది స్త్రీలకు నేర్పితే ఇరవై ఊళ్ల పిల్లలకు అందుతుంది. ఆమె వీసా అయిపోయినా ఆ స్త్రీలు ఆ ఊళ్లోనే ఉంటారు.

"చీకటి ఖండానికి వెలుగు తీసుకెళ్లాలి కదా" అంటారు. ఆ మాట ఇక మానుకుందాం. స్కాట్లాండు మిషనరీలు 1875లోనే అక్కడ లివింగ్‌స్టోనియా మిషను మొదలుపెట్టారు. ఈనాడు ఆ దేశంలో అత్యధికులు క్రైస్తవులే. వాళ్లకు మనం యేసు పేరు కొత్తగా చెప్పనక్కరలేదు. పక్కన కూర్చొని భారం పంచుకోవాలి.

"మన ఊరి పిల్లలకే దిక్కులేదు" అనేవారికి ఒక్క ప్రశ్న. ఆ కానుక ఆపి మన అంగన్‌వాడీకి ఇద్దామని ఎవరైనా తీర్మానం పెట్టారా? మేము వినలేదు. అడిగింది ప్రహరీ గోడకు!

ఇక లెక్కల సంగతి. ఒంగోలు క్లౌ దొరగారు 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సేవకు పెద్ద. ఆ సంఖ్య మన సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. దానికి ముందు ఏం జరిగిందో మాత్రం చెప్పరు. గొప్ప కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పని తీసుకొని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించారు. కూడు కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపి ఉంచారు. ఆ నెలల్లో ఆయన రిపోర్టు మన కమిటీ చూసి ఉంటే కానుక ఆపేసేది!

మార్కు 10వ అధ్యాయం తెరవండి. పిల్లలను అడ్డగించినవారు పరిసయ్యులు కాదు, శిష్యులు. పెద్ద సేవకు ఆటంకమని అనుకున్నారు. ప్రభువు కోపపడింది వారి మీదనే. తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు ఎవరిని తలచుకున్నాడు? అవ్వ లోయిని, తల్లి యునీకేను. ఒక పిల్లవాడి దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను. వాళ్లు ఏ రిపోర్టు పంపారు?

ప్రియులారా, కమిటీలో ఉన్నవారు ఓటు వేసేముందు మోకరించండి. లేనివారు పెద్దలతో మాట్లాడండి. లెక్క అడగడం తప్పు కాదు. ఎంతమంది స్త్రీలు శిక్షణ పూర్తి చేశారు, ఎన్ని ఊళ్లలో బాలబడి ఆగకుండా నడుస్తోంది అని అడగండి. విత్తేవాని దగ్గరకు నాట్ల కాలంలో వెళ్లి కోత కొలతలు అడగకండి.

పసివారిని ఎత్తుకొని దీవించిన ప్రభువు, జీతం లేకుండా వారికి జావ కాచి పోస్తున్న ఆ తల్లులను బలపరచును గాక. ఆమేన్.