కటమరాన్ కొనడమంటే లాప్‌టాప్ కొనడం కాదు నాయనా!

ముందే చెప్పేస్తున్నాను, ఇది కొందరికి నచ్చదు. ముఖ్యంగా ఎక్సెల్ షీటు తెరిచి, పైన పడవల పేర్లు, పక్కన పొడవు, బరువు, తెరచాప వైశాల్యం, ధర రాసుకుని, చివరి గడిలో ఓ ఫార్ములా కొట్టి "విజేత"ను తేల్చే నా తోటి సాఫ్ట్‌వేర్ సోదరులకి అసలు నచ్చదు.

కుర్రతనంలో ఎక్కడో పడవ నడిపి (నేనైతే విశాఖలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ పుణ్యమా అని ఎంటర్‌ప్రైజ్ డింగీ మీద), ఉద్యోగం, వీసా, ఇల్లు, పిల్లలు అంటూ ఇరవయ్యేళ్లు నీళ్ల వైపు చూడకుండా ఉండి, ఇప్పుడు "మళ్లీ మొదలెడదాం" అనుకునేవాళ్లు మా హ్యూస్టన్ చుట్టుపక్కల బాగానే తగులుతున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న. చిన్న రేసింగ్ కటమరాన్ కొందామనుకుంటున్నా, ఏది కొనమంటారు? నా జవాబు కూడా ఒకటే. మీ ఒడ్డున ఇప్పటికే పది మంది నడుపుతున్నది కొనండి. మా ఒడ్డున అదేదంటే, పాత హోబీ 16.

ఈ మాట అనగానే ఎదుటివాడి ముఖం చూడాలి! కొత్త ఫోన్ కొనడానికి వెళ్తే షాపువాడు ల్యాండ్‌లైన్ చేతిలో పెట్టినట్టు. "అది యాభై ఏళ్ల నాటి డిజైన్ కదండీ?" అవును బాబూ, యాభై దాటింది. 1970 ప్రాంతంలో కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చేసుకునే హోబీ ఆల్టర్ తెచ్చిన పడవ. లక్షకు పైగా తయారయ్యాయి. రెండు సన్నటి హల్స్, వాటి మధ్య గుడ్డ పరిచిన చట్రం, పైన పెద్ద తెరచాప, ముందు చిన్న తెరచాప. 5.05 మీటర్ల పొడవు, 145 కిలోల బరువు. నీళ్లలోకి దింపే డాగర్‌బోర్డులు లేవు. హల్స్ అరటికాయలా వంగి ఉంటాయి, లోపలి వైపు ఒక వంపు, బయటి వైపు ఇంకో వంపు. పడవ పక్కకి జారిపోకుండా ఆ వంపే పట్టుకుంటుంది. అందుకే నేరుగా ఇసుకలోకి తెచ్చి ఎక్కించేయొచ్చు.

ఇక ఎక్సెల్ వీరుల వాదన. రకరకాల పడవలు కలిసి పోటీ పడేటప్పుడు వాడే పోర్ట్స్‌మత్ రేటింగులు తెస్తారు. అమెరికా పట్టికలో నంబరు ఎంత తక్కువైతే పడవ అంత వేగం. లేజర్‌కి 91 దగ్గర, హోబీ 16కి 76, ఫార్ములా 18కి 62 దగ్గర. "చూశారా, 76 ఎక్కడ, 62 ఎక్కడ?" అని మనల్నే నిలదీస్తారు. ఆ నంబర్లు తప్పని నేననడం లేదు. అవి పడవ తెలిసినవాడు నడిపితే వచ్చే నంబర్లు. ఇరవయ్యేళ్ల తర్వాత ఎక్కుతున్న మీకూ ఆ 62కీ ఏం సంబంధం? మొదటి ఏడాది మీ ఫార్ములా 18 మా హోబీ 16ల వెనకాల వస్తుంది. గాలి గట్టిగా ఉన్న రోజైతే అసలు ఒడ్డు దిగదు. నేను కళ్లారా చూస్తున్న సంగతే చెబుతున్నాను.

కొత్తదనం పిచ్చి సంగతీ చూద్దాం. ఒలింపిక్స్‌లో 1976 నుంచి 2008 దాకా కటమరాన్ అంటే టోర్నడో. తర్వాత దాన్ని తీసేశారు, 2012లో లండన్‌లో కటమరానే లేదు. 2016లో నాక్రా 17 వచ్చింది. టోక్యో ఆటలకల్లా అదే నాక్రా 17 నీళ్ల పైకి లేచి ఎగిరే ఫాయిల్ పడవైపోయింది. ఐదేళ్లలో వెర్షన్ మారిపోయింది, పాతదానికి సపోర్టు లేదు! వేరే చోట ఇలాంటివి చూసి తిట్టుకునేది మనమే, మళ్లీ డబ్బులు పోసి కొనేదీ మనమే. పైగా ఆ ఫాయిళ్లు కత్తులు. 2017లో ఫ్రాన్స్‌లోని లా గ్రాండ్ మోట్‌లో ప్రపంచ పోటీలకి సాధన చేస్తూ నాక్రా 17 బోల్తాపడి ఓ అమెరికన్ ఒలింపిక్ నావికుడు మూడు వేళ్ల చివర్లు పోగొట్టుకున్నాడు. రోజూ అదే పనిగా ఉన్నవాడి సంగతి అది. శని, ఆదివారాల నావికుడివి, కీబోర్డు మీద బతికేవాడివి, నీకెందుకు స్వామీ!

రెండో వర్గం పెద్దమనుషులది. "నలభై దాటాక కటమరానేంటండీ, శుభ్రంగా క్యాబిన్ ఉన్న పడవ కొనుక్కుని కాఫీ తాగుతూ తిరగక" అంటారు. ఒక్క హల్ పడవల వాళ్లకి కటమరాన్ అంటే ఉన్న చిన్నచూపు ఈనాటిది కాదు. 1876లో న్యూయార్క్ శతజయంతి పోటీల్లో నథానియెల్ హెరెషాఫ్ అమరిలిస్ అనే రెండు హల్స్ పడవ తెచ్చి అందరినీ ఓడిస్తే, ఏం చేశారు? దాన్ని అనర్హం అనేశారు! ఆ తర్వాత చాలాకాలం మామూలు పోటీలకి కటమరాన్‌లని దగ్గరికి రానివ్వలేదు. (మనవాళ్లు మాత్రం వెంటనే "కటమరాన్ మనదేగా" అని కాలర్ ఎగరేస్తారు. మాట మాత్రం మనవైపుదే. తమిళంలో కట్టుమరం, విశాఖ జాలర్ల నోట తెప్ప. కానీ అది దుంగలు కలిపి కట్టినది. రెండు హల్స్ మధ్య ఖాళీ ఉండే పద్ధతి పసిఫిక్ దీవుల వాళ్లది. పేరు మనది, బొమ్మ వాళ్లది.) కాఫీ తాగుతూ తిరగాలనుకునేవాడు తిరగొచ్చు, అభ్యంతరం లేదు. కానీ వాడు నన్ను రేసింగ్ కటమరాన్ గురించి అడగడు కదా.

అసలు విషయం స్పెక్కులో ఉండదు, చేతిలో ఉంటుంది. డింగీ మీద నేర్చుకున్న చెయ్యి ఇరవయ్యేళ్లయినా మర్చిపోదు. చిక్కంతా అక్కడే. గాలి ఒక్కసారిగా విసిరితే డింగీ చెయ్యి తెరచాప తాడు వదులుతూ పడవ ముక్కుని గాలివైపు తిప్పుతుంది. గాలికి ఎదురెక్కేటప్పుడు కటమరాన్ మీదా అది చెల్లుతుంది. కానీ గాలి పక్కనుంచో వెనక మూలనుంచో వస్తుంటే, పడవ శరవేగంతో పోతుంటే, అదే పని చేశారో, అయిపోయింది. కింది వైపు హల్ ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, పడవ ఠక్కున ఆగుతుంది, మీరు ఆగరు. తీగకి వేలాడుతున్న మనిషి ఊయల ఊగినట్టు మాస్ట్ చుట్టూ తిరిగి ముందుకెళ్లి పడతాడు. అక్కడ ముక్కుని గాలికి దూరంగా తిప్పాలి, ఒళ్లు వెనక్కి జరపాలి. చదివితే రెండు వాక్యాలు. చేతికి ఎక్కడానికి ఒక సీజను. డింగీ ముందే కుదుపుతూ హెచ్చరిస్తుంది. కటమరాన్ బల్లలా స్థిరంగా ఉన్నట్టే ఉండి, ఒక్క క్షణంలో ఉండదు.

హోబీ 16 ఈ విషయంలో మహా సాధువు అనుకునేరు. కాదు. ముక్కులు గుచ్చడంలో దానికదే సాటి. గాలికి అడ్డంగా మలుపు తిప్పడం ఘాట్ రోడ్డు మీద లారీ తిప్పినట్టే. ముందు తెరచాపని మలుపు పూర్తయ్యేదాకా పాత వైపే పట్టి ఉంచకపోతే మధ్యలో ఆగిపోయి, వెనక్కి నడుస్తుంది. గాలికి ఎదురెక్కడంలో డాగర్‌బోర్డుల పడవలకి సాటిరాదు. ఇవన్నీ నిజమే. అయితే ఈ జబ్బులన్నిటికీ మందు మీ పక్క పడవవాడికి తెలుసు! "ఒరే, ఇంకాస్త వెనక్కి జరుగు" అని అరిచేవాడు ముప్ఫై గజాల్లో ఉంటాడు. ఒడ్డుకొచ్చాక మీ తాళ్లు చూసి కొయ్య ఇంకాస్త వెనక్కి వాల్చమంటాడు, పిన్ను విరిగితే తన పెట్టెలోంచి తీసిస్తాడు. మీరొక్కరే కొన్న అద్భుతమైన పడవకి ఈ సౌకర్యం ఏ గడిలో రాస్తారు? డాక్యుమెంటేషన్ లేని, వాడేవాళ్లు లేని సాఫ్ట్‌వేర్‌ని ప్రొడక్షన్‌లో పెట్టమంటే ఆఫీసులో గగ్గోలు పెట్టే మనం, ప్రాణం మీదకి తెచ్చే వస్తువు దగ్గర ఎందుకు మర్చిపోతాం?

ప్రాణం మీదకి అన్నది ఊరికే అనలేదు. తిరగబడ్డ కటమరాన్ గాలికి కొట్టుకుపోయే వేగం మీరు ఈదే వేగం కంటే ఎక్కువ. చెయ్యి వదిలారంటే పడవ అటు, మీరు ఇటు. లేపాలంటే కింది హల్ మీద నిలబడి తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. హోబీ 16ని ఒక్కడి బరువుతో లేపడం మామూలు మనిషికి దాదాపు అయ్యే పని కాదు. ఇక మా గాల్వెస్టన్ అఖాతం సగటున రెండు మీటర్ల లోతు. మాస్టేమో ఎనిమిది మీటర్లు. పూర్తిగా తలకిందులయ్యే లోపే మాస్ట్ కొస బురదలో దిగబడుతుంది. అప్పుడు ఎంత మొనగాడికైనా రెండో పడవ సాయం కావాలి. ఆ రెండో పడవ ఉండేది పది మంది నడిపే చోటే.

బరువు సంగతి. హోబీ 16 పోటీల్లో ఇద్దరు మనుషుల బరువు కలిపి కనీసం 129 కిలోలుండాలి. తక్కువైతే ఆ మేరకు బరువు కట్టుకోవాలి. నేనూ మా ఆవిడా కలిపి 131. చాలామంది మన జంటలు ఆ దరిదాపుల్లోనే తూగుతారు. ఇద్దరు ఆరడుగుల మగాళ్లు ఎక్కితే ఈ పడవ నీళ్లలో కూర్చుండిపోతుంది, మనకేమో కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. (చుక్కాని మా ఆవిడ దగ్గరే. నేను తీగకి వేలాడే కూలీని.)

"నాకు జోడీ దొరకదండీ, ఒక్కడినే నడుపుకుంటా" అనేవాళ్ల వాదన ఒక్కటే నాకు కాస్త బరువున్నదిగా కనిపిస్తుంది. వాళ్లు చూపించేది ఏ-క్లాస్. 75 కిలోల పడవ, ఒకే మనిషి, ఒకే తెరచాప, చూస్తే కళ్లు చెదిరే అందం. ఎగరకుండా నడిపే క్లాసిక్ విభాగం విడిగా ఉంది కాబట్టి ఫాయిళ్ల గొడవా తప్పుతుంది. మీ ఊళ్లో ఏ-క్లాస్ నడిపేవాళ్లు ఉంటే, కార్బన్ హల్‌కి చిన్న దెబ్బ తగిలినా బాగుచేయించే ఓపిక, డబ్బు ఉంటే, కొనండి, నేనడ్డు రాను. మా దగ్గర అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఈ రెండూ లేవు. నిజం చెప్పాలంటే వాళ్లకి జోడీ దొరకక కాదు, అడగడానికి మొహమాటం. రేసు రోజున పడవ లేక జోడీగా వస్తామని ఒడ్డున నిలబడేవాళ్లు ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. నాకు తెలిసిన ఓ సహోద్యోగి ఇదే మొహమాటంతో ఒంటరి పడవ కొన్నాడు. అది స్టోరేజీ యార్డులో ఉంది, ట్రాంపొలిన్ రంధ్రాల్లోంచి గడ్డి మొలుస్తోంది.

ఇక డబ్బు. వాడిన హోబీ 16 వెయ్యి, రెండు వేల డాలర్లకి ట్రైలర్‌తో సహా దొరుకుతుంది. కొత్త ఫార్ములా 18 పాతిక వేలు దాటుతుంది. అదే మీ ఒడ్డున పది ఫార్ములా 18లు ఉండి, హోబీ ఒక్కటీ లేకపోతే? అప్పుడు వాడిన ఫార్ములా 18 కొనండి. ఇంగ్లండులో ఉంటే డార్ట్ 18 వాళ్లెక్కడున్నారో కనుక్కోండి. నేను హోబీకి ఏజెంటుని కాదు. వెడల్పు మాత్రం చూసుకోండి. ఇక్కడ రోడ్డు మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాగగలిగేది 8 అడుగుల 6 అంగుళాలు. హోబీ 16 వెడల్పు 7 అడుగుల 11 అంగుళాలు, ఫార్ములా 18 సరిగ్గా అంచు మీద, టోర్నడో అయితే పదడుగులు. దాన్ని వాల్చో విప్పో తీసుకెళ్లాలి, ప్రతి వారం.

పాతది కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. ముందు అడ్డకమ్మీకి ముందున్న హల్ పైభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కుతూ పోండి. మెత్తగా దిగినా, చిటపటమన్నా లోపలి పొరలు ఊడాయని అర్థం. ఎంత చవకైనా దండం పెట్టి వచ్చేయండి. ట్రాంపొలిన్ కుట్లు గోటితో గీకండి, ఎండకి కుళ్లి ఉంటే దారం పొడిపొడిగా రాలుతుంది. చుక్కానులు చేత్తో ఊపి చూడండి. మాస్ట్‌ని పట్టి ఉంచే తీగలు ఎంత మెరుస్తున్నా సరే, నీళ్లలో దింపేముందే కొత్తవి వేయించండి. మాస్ట్ పైభాగం అల్యూమినియమా, ఫైబరా అన్నది తప్పకుండా చూడండి. అమెరికాలో అమ్మిన చాలా హోబీ 16లకి పై ముక్క కరెంటు పారని ఫైబర్‌తో వేశారు. పడవ దింపేచోట కరెంటు తీగలకి మాస్ట్ తగిలి మనుషులు పోయారు కాబట్టి. కొనే ముందు ఆ ఒడ్డుకి ఒకసారి ఉత్త చేతులతో వెళ్లి, ట్రైలర్ ఆపే చోటి నుంచి నీళ్ల దాకా తలెత్తి చూస్తూ నడిచి రండి.