గవాచి మూసి ఏసీ పెట్టుకుందామా?

మాది వనపర్తి. పాత బస్తీలో నాలుగు పక్కలా అర్రలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉన్న భవంతి ఇల్లు. కొన్నేళ్ల కింద కోతుల బెడద పడలేక నాన్న ఆ వాకిలి మీద ఇనుప ఫ్రేము వేయించాడు. వెలుతురు పోవద్దని దాని మీద అద్దంలాంటి పాలికార్బొనేట్ షీటు బిగించాడు. మొదటి ఎండాకాలంలోనే మా అవ్వ మంచం తీసుకుని పక్కింటి అరుగు మీదికి పోయింది. పోతూ పోతూ ఒకటే మాట అన్నది: "వాన రావద్దంటివి, కోతి రావద్దంటివి. ఇగ మనిషి గూడ రాకుంట చేస్తివి కొడుకా."

హాస్టల్లో ఈ సంగతి చెబితే అందరిదీ ఒకటే సలహా: "ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించు బ్రో." ఇంజనీరింగ్ చదివే మనం ఇంత తేలిగ్గా ఈ మాట అనేయడం మీదే నా అభ్యంతరం.

లెక్క వేసి చూద్దాం. మా షీటు 12 అడుగులు బై 10 అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. ఎండాకాలం నడిమధ్యాహ్నం చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. అందులో సగమే లోపలికి వచ్చిందనుకున్నా ఐదున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ బయటికి తోయగలిగే వేడి 5.3 కిలోవాట్లు. అంటే ఏసీ బలమంతా ఆ షీటుతో కొట్లాడటానికే సరిపోతుంది, అవ్వకు మిగిలేది ఏమీ లేదు. ఒక చేత్తో పొయ్యి రాజేసి ఇంకో చేత్తో విసనకర్ర పట్టుకున్నట్టు.

అద్దాల గది అనేది చలిదేశాల అవసరం. అక్కడ దొరికే కాస్త ఎండను పట్టి దాచుకోవడానికి, చలికి తట్టుకోలేని నారింజ చెట్లను కాపాడుకోవడానికి పుట్టింది. దాని కిటుకు కూడా మనం అనుకున్నంత చిత్రమైనది కాదు. ఎండకు వేడెక్కిన నేల వదిలే పరారుణ కిరణాలను అద్దం ఆపుతుందని చదువుకున్నాం. కానీ 1909లో రాబర్ట్ వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆ కిరణాలను పోనిచ్చే రాతి ఉప్పు పలకతో కప్పిన పెట్టె కూడా అద్దం పెట్టెకు దాదాపు సమానంగా వేడెక్కుతుందని చూపించాడు. అసలు సంగతి గాలి: వేడెక్కిన గాలి పైకి పోయే దారి మూసుకుపోతుంది.

మన పాలమూరు మట్టి మిద్దెలు కట్టినవాళ్లకు ఇది ఏ ప్రయోగమూ లేకుండానే తెలుసు. అందుకే మిద్దెకు గవాచి పెట్టారు. వెలుతురు దిగేదీ, పొగా వేడీ ఎక్కిపోయేదీ ఆ కంత లోనుంచే. వాన వస్తే దాని మీద ఓ బండ కప్పేవాళ్లు. మా వాకిలి నిజానికి ఇంటికంతటికీ పెద్ద గవాచి. దాన్నే మేము మూసేశాం.

మరి షీటు పీకేసి పాతకాలానికి పోదామా అంటే, నేను ఒప్పుకోను. వాకిలి అందాల గురించి కవితలు రాసేవాళ్లు వానాకాలంలో అక్కడ నీళ్లు ఊడ్చినవాళ్లు కారు. ఆ పని మా అమ్మది. కోతులు పప్పు డబ్బాలు ఎత్తుకుపోతుంటే కట్టె పట్టుకుని నిలబడ్డదీ ఆమే. కప్పు కావాలి. ఎట్లాంటి కప్పు అన్నదే ప్రశ్న.

దానికి జవాబు సూర్యుడి దగ్గరే ఉంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మూడూ సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం ఎండ సరిగ్గా నడినెత్తిన పడుతుంది. డిసెంబరులో అదే సూర్యుడు దక్షిణం వైపు వాలి, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. అంటే నెత్తి మీది అద్దం మనకు వద్దన్నప్పుడు ఎక్కువ ఎండ తెస్తుంది. దక్షిణపు గోడకు నిలువుగా పెట్టిన అద్దం కావాలన్నప్పుడు తెస్తుంది. ఆ అద్దం మీద రెండడుగుల సజ్జ ఉంటే మార్చిలో మధ్యాహ్నం ఆరున్నర అడుగుల దాకా నీడ దిగుతుంది, డిసెంబరులో రెండున్నర అడుగుల లోపే.

కాబట్టి కప్పు ఎండ దూరనిది, నడుమ వేడిని ఆపే పొర ఉన్నది కావాలి. దాన్ని మిద్దె కన్నా రెండడుగులు పైకి లేపి, వాన కొట్టకుండా అంచులు బయటికి సాచాలి. ఆ రెండడుగుల సందులో నాలుగు వైపులా ఇనుప జాలీ, లోపల తెరిచి మూసే అద్దం రెక్కలు. జాలీ కోతిని ఆపుతుంది కానీ గాలిని ఆపదు. చలికాలం రాత్రి రెక్కలు మూస్తాం. వానాకాలం తెరిచి పెడతాం. మేలో మాత్రం బయట గాలే మండుతుంది కాబట్టి పగలు మూసి, రాత్రంతా తెరవాలి. రాత్రి చల్లబడ్డ మట్టిగోడలూ బండల నేలా మర్నాడు మధ్యాహ్నం దాకా కాపాడతాయి. ఆ పాత గోడలకు సిమెంటు పూయకూడదు, చెమ్మ లోపలే చిక్కి గోడ పాడవుతుంది. సున్నమే మంచిది.

అంత డబ్బు ఇప్పుడు లేదంటే, షీటు మీద జానెడు ఎత్తున నీడ వల కట్టండి. లోపల కర్టెను కట్టడం కన్నా ఇది మేలు. కర్టెను దాకా వచ్చిన ఎండ ఇంట్లోకి వచ్చినట్టే కదా.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. పాత కట్టడాలను వాడుకోవడం ఈ నేలకు కొత్త కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. కానీ మన ఊళ్లలో వరండాకు అల్యూమినియం అద్దాలు బిగించి, తర్వాత ఏసీ కోసం అప్పు చేసే ఇళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. మన ఫైనలియర్ ప్రాజెక్టులేమో హైదరాబాద్ టవర్ల మీద. ఈ సెలవుల్లో ఒక థర్మామీటరు పట్టుకుని మీ ఊళ్లో ఒక్క పాత ఇంటిని కొలవండి: నేల దగ్గర, కప్పు కింద, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ఏసీ పాపమని నేను అనడం లేదు. ఇంటి తప్పు దిద్దాక కూడా అవసరమైతే పెట్టుకుందాం, అప్పుడు చిన్నదే సరిపోతుంది.

మా ఇంట్లో కొత్త కప్పుకు డబ్బు ఇంకా కుదరలేదు. పోయిన వేసవిలో వల కట్టి, షీటుకు రెండు వైపులా అడుగు సందు విప్పి జాలీ కొట్టాం. మధ్యాహ్నం పూట ఇప్పటికీ ఉడుకే. సాయంత్రం నాలుగు దాటాక మాత్రం అవ్వ మంచం మళ్లీ వాకిట్లోకి వస్తోంది. ఇంకా ఆ నాలుగు గంటల పని మిగిలే ఉంది.