‘ఆ రోజులు అలాంటివి’ అనే సాకు

జాన్ ఆష్లీ (1709–1802) మసాచుసెట్స్ రాష్ట్రంలో షెఫీల్డ్ ఊరి పెద్దమనిషి. యేల్‌లో చదివి ప్లీడరయ్యాడు. శాసనసభలో కూర్చున్నాడు. బర్క్‌షైర్ కౌంటీ సివిల్ కోర్టులో ఏళ్ళ తరబడి జడ్జీగా పనిచేశాడు. 1773 జనవరిలో ఊరి పెద్దలు ఆయన ఇంట్లోనే కూర్చుని బ్రిటిష్ పాలన మీద తీర్మానాలు రాశారు. మనుషులంతా స్వభావసిద్ధంగా సమానులు, స్వతంత్రులు అన్నది వాటిలో మొదటిది.

ఆ ఇంటి చాకిరీ చేసింది ఆయన బానిసలు. వారిలో బెట్ ఒకామె. ఇంటి యజమానురాలు నిప్పుల పార ఎత్తి మరొక పిల్లను కొట్టబోతే బెట్ అడ్డం వెళ్ళిందనీ, ఆ దెబ్బ మచ్చ ఆమె చేతిమీద జీవితాంతం ఉండిపోయిందనీ ఆమెను ఎరిగినవారు రాశారు. 1780లో వచ్చిన రాష్ట్ర రాజ్యాంగం కూడా మనుషులంతా పుట్టుకతో సమానులే అన్నది. బెట్ ఆ మాట పట్టుకుని ప్లీడరు థియోడర్ సెడ్జ్‌విక్ దగ్గరికి వెళ్ళింది. షెఫీల్డ్ తీర్మానాలు రాసిన సంఘానికి లేఖకుడు ఆయనే! 1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్టన్ కోర్టులో జ్యూరీ బెట్‌నూ, ఆమెతోపాటు దావా వేసిన బ్రోమ్‌నూ బానిసలు కారని తేల్చి, 30 షిల్లింగుల నష్టపరిహారం ఇప్పించింది. ఆష్లీ అప్పీలు చేసి, తర్వాత మానుకున్నాడు. బెట్ ఎలిజబెత్ ఫ్రీమన్ అయింది.

‘ఆ రోజులు అలాంటివి, ఈనాటి కొలతతో ఆయన్ను కొలవకూడదు’ అంటారు కొందరు. మేము ఒప్పుకోము. ఆ కొలత మనది కాదు, ఆయన ఇంట్లోనే తయారైనది. ఆ రోజుల్లోనే, ఆ ఇంట్లోనే, చదువురాని బెట్‌కు అర్థమైన న్యాయం జడ్జీగారికి అర్థం కాలేదంటే ఎవరు నమ్ముతారు? ‘ఆ రోజులు’ అన్నప్పుడు మనం బెట్‌ను ఆ రోజుల మనిషిగా లెక్కపెట్టడం లేదన్నమాట. అప్పీలు మానుకున్నాడు గదా అంటారు. ఓడిపోయాక వదిలెయ్యడం వేరు, తనంతట తాను విడిచిపెట్టడం వేరు.

ఈ సంగతి మనకెందుకంటారా? స్వరాజ్యం మీద ఉపన్యాసాలిచ్చిన మన ఊరి పెద్దల ఇళ్ళలో పాలేరు ఏ గడప దగ్గర ఆగిపోయాడో మనకు తెలియనిది కాదు. పిల్లలు అడిగితే మనం చెప్పే జవాబూ ‘ఆ రోజులు అలాంటివి’ అనే. ఆ పాలేరును అడిగి ఉంటే ఏమనేవాడు?

పైగా మనలో చాలామందికి ఈ దేశపు తలుపు తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం లేకపోతే అది వచ్చేదా? బెట్‌కు మనం బాకీ ఉన్నాం.

షెఫీల్డ్‌లో ఆమె విగ్రహం 2022లో వెలిసింది. ఆష్లీ ఇల్లూ ఇంకా నిలిచే ఉంది. పిల్లలను తీసుకువెళ్ళి, తీర్మానాలు రాసిన మేడగది చూపించండి. తర్వాత వంటింట్లో అంతకన్నా ఎక్కువసేపు నిలబెట్టండి. జూలై 4న మన సభల్లో ఆష్లీ తీర్మానం చదివేవారు బెట్ దావా కూడా చదవాలి. రెండూ చదివే ఓపిక లేకపోతే దావా ఒక్కటి చాలు.